డాలస్ నుంచి క్రాకోకి: కారు తాళం చెవి అవసరం పడని రోజులు

సుధ (క్రాకో)

అందరికీ నమస్కారం. ఈ వేదికలో పోలండ్ అని వెతికితే వీసా ఎన్నాళ్లకు వస్తుంది, జీతం ఎంత ఇస్తారు, ఫలానా యూనివర్సిటీ మంచిదేనా అన్న ప్రశ్నలే కనిపిస్తున్నాయి. పొద్దున్నే పాలు తెచ్చుకోవడం దగ్గర నుంచి పిల్లల బడి దాకా పోలండ్‌లోని ఈ క్రాకోలో రోజు ఎలా గడుస్తుందో ఎవరూ రాసినట్టు లేదు. అందుకే మొదలుపెడుతున్నాను.

పుట్టింది తెనాలిలోనే అయినా నాకు ఊహ తెలిసేటప్పటికే మావాళ్లు టెక్సస్‌లో ఉన్నారు. చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ డాలస్ చుట్టుపక్కలే. పాస్‌పోర్టు అమెరికాది, అలవాట్లూ అక్కడివే. మా ఆయన్ని కంపెనీ వాళ్లు క్రాకో ఆఫీసుకి పంపితే కిందటేడు వచ్చాం. బ్రోనోవిత్సే అనే పేటలో అద్దెకుంటున్నాం. పాప మూడో తరగతి.

వావెల్ కోట బాగుంది, ఊరి మధ్య చౌరస్తా రినెక్ బాగుంది. 1257లో గీసిన పట్నం నక్షా ఇప్పటికీ అలాగే ఉంది, ఆ పెద్ద చౌరస్తాలో నిలబడితే ఒక్కో పక్కా దాదాపు రెండు వందల మీటర్లు. వాటి గురించి చాలామంది రాశారు. నేను రాయాలనుకున్నది కారు గురించి.

డాలస్ పక్కనే ఉన్న ఫ్రిస్కోలో మా ఇంటి నుంచి కూరగాయల కొట్టుకి నడిచి వెళ్లే దారే లేదు. కొంత దూరం ఫుట్‌పాత్ ఉంటుంది, తర్వాత ఆరు వరసల రోడ్డు. డాలస్ సిటీ రైలు మా ఊరిదాకా రాదు. పాలు అయిపోయినా కారే, పాపని డాన్స్ క్లాసుకి దింపాలన్నా కారే. అందులో తప్పేముందని ఎప్పుడూ అనుకోలేదు, ఎందుకంటే నేను చూసిన ప్రపంచమే అది. ఇక్కడికి వచ్చాక మెట్లు దిగితే బేకరీ, దాని పక్కన కూరగాయలు, ఇంకో నాలుగడుగులు వేస్తే పచ్చ సిలువ గుర్తుతో మందుల షాపు, ఆ మూల మీద ట్రామ్ స్టాప్. క్రాకోలో మెట్రో లేదు. ట్రాములూ బస్సులే ఊరంతటినీ మోస్తాయి. టికెట్ దూరాన్ని బట్టి కాదు, టైమును బట్టి. ఆ టైములోపల ఎన్ని బళ్లు మారినా అదే టికెట్. మేం నెలవారీ పాస్ తీసుకున్నాం. కారు కొందామని వచ్చిన కొత్తలో గట్టిగా అనుకున్నాం, ఇప్పుడు ఆ మాటే ఎత్తడం లేదు.

పాప సంగతి ఇంకా పెద్దది. టెక్సస్‌లో మధ్యాహ్నం బడి ముందు కార్లు ఒకదాని వెనక ఒకటి బారులు తీరి ఉంటాయి, పేరు పిలిస్తే పిల్ల వచ్చి ఎక్కుతుంది. పిల్ల ఒక్కతే రోడ్డు మీద నడుస్తుంటే ఎవరో ఒకరు ఆపి అడుగుతారు. ఇక్కడ చట్టంలోనే ఉంది, ఏడేళ్ల లోపు పిల్లలు రోడ్డు మీద తిరగాలంటే తోడు ఉండాలి, ఆ తోడుకి కనీసం పదేళ్లు ఉంటే చాలు. ఏడు దాటితే ఒంటరిగా వెళ్లొచ్చు. పాప క్లాసులో చాలామంది మెడలో ఇంటి తాళం వేసుకుని వాళ్లంతట వాళ్లే వస్తారు. పక్కింటి అమ్మాయితో కలిసి మా పాప కూడా ఇప్పుడు నడిచే వెళ్తోంది. దారిలో బేకరీలో ఏం కొనుక్కుందో, ఎవరి కుక్క ఎదురొచ్చిందో ఇంటికొచ్చి చెబుతుంది. ఆ కబుర్లు తనవి, నేను పక్కన లేనప్పుడు జరిగినవి. ఎనిమిదేళ్ల పిల్లకి అలాంటివి ఉండటం ఎంత అవసరమో నాకు ఇక్కడే తెలిసింది.

చిన్న చిన్నవి కొన్ని. అట్ట మీద ఎంత ధర రాసి ఉంటే బిల్లులో అంతే, పన్ను దగ్గర మళ్లీ లెక్క మారదు. ఫస్ట్ ఫ్లోర్ అంటే ఇండియాలోలాగే ఒక అంతస్తు పైన, అమెరికాలోలా నేల మీదది కాదు. బట్టలు ఆరబెట్టే మెషిన్ దాదాపు ఎవరింట్లోనూ లేదు, స్టాండు మీద ఆరేసుకోవాలి. రెస్టారెంట్లో ఐసు నీళ్లు ఊరికే తెచ్చిపెట్టరు. ఇంట్లోకి చెప్పులతో ఎవరూ రారు, గుమ్మం దగ్గరే విప్పి ఇంటివాళ్లిచ్చే మెత్తటి స్లిప్పర్లు వేసుకోవాలి. అమెరికన్ ఫ్రెండ్స్‌కి ఇది వింత, నాకు మాత్రం మా అమ్మ పెట్టిన రూలే.

మీ అనుభవాలు రాయండి. ముఖ్యంగా పాతకాపులు.

నరేష్_కరీంనగర్ (వ్రోత్స్వావ్)

అక్కా, మంచిగ రాసిన్రు. నేను పోలండ్‌లనే వ్రోత్స్వావ్‌ల మాస్టర్స్ చేస్తున్న, అమెరికా చూడలేదు కాబట్టి ఆ పోలిక నాకు తెల్వది. కరీంనగర్ నుంచి సీదా ఇక్కడికే వచ్చిన.

కొత్తగ వచ్చేటోళ్లకు ఆదివారం గురించి ముందే చెప్పాలె. 2018ల చట్టం తెచ్చిన్రు, ఇప్పుడు ఏడాదిల ఏడెనిమిది ఆదివారాలు తప్ప పెద్ద దుకాణాలన్ని బంద్. శనివారం సాయంత్రం సూపర్ మార్కెట్‌ల లైన్లు చూస్తే పండుగ సామాను కొంటున్నరేమో అనిపిస్తది. ఓనర్ సొంతంగ కౌంటర్‌ల నిలబడే షాపులకు మినహాయింపు ఉంది, బేకరీలు, పెట్రోల్ బంకులు కూడ తెరిచే ఉంటయ్. పచ్చ బోర్డు ఉండే జాప్కా అనే చిన్న దుకాణాలు చాలా మటుకు తెరిచే ఉంటయ్. అయితే ఒక్కటి అక్కా, ఆ బంద్ నాకు మంచిదే అనిపిస్తది. నాతోని రూమ్‌ల ఉండే పిల్లగాడు సూపర్ మార్కెట్‌ల పార్ట్ టైమ్ చేస్తడు. వానికి ఆదివారం పక్కా సెలవు, ఎవరినీ బతిమిలాడే పని లేదు.

పైసల సంగతి చూస్తే బ్లిక్ మన ఫోన్‌పే లెక్కనే అలవాటైతది. 2015ల మొదలైంది. బ్యాంక్ యాప్‌ల ఆరంకెల కోడ్ వస్తది, రెండు నిమిషాలే పనిజేస్తది, అది కొడితే అయిపాయె. ఏటీఎంల కూడ కార్డు లేకుండ అట్లనే తీసుకోవచ్చు. ఆర్డర్ పెట్టిన సామాను ఇంటికి తెప్పించుకునేటోళ్లు తక్కువ, గల్లీ మూలకున్న పాచ్కోమాట్ లాకర్‌కు వస్తది. అర్ధరాత్రి పోయినా ఫోన్ నొక్కితే తలుపు తెరుచుకుంటది.

ట్రామ్‌ల టికెట్ కొనుడే కాదు, ఎక్కంగనే మెషిన్‌ల కొట్టాలె లేదా యాప్‌ల స్టార్ట్ చెయ్యాలె. చెక్ చేసేటోళ్లు మామూలు బట్టల్లనే ఉంటరు. కొత్త స్టూడెంట్స్‌కు మేము చెప్పే మొదటి మాట ఇదే. రోడ్డు మీద ఒక్క బండి లేకున్నా ఎర్ర లైటు ఉంటే జనం ఆగుతరు, మీరూ ఆగున్రి.

కష్టమైంది చలి కాదు, చీకటి. డిసెంబర్‌ల నాలుగు కాకముందే పొద్దుగూకుతది.

ఎడిసన్ వెంకట్ (న్యూజెర్సీ)

సుధ గారూ, శ్రద్ధగా రాశారు. కానీ పోలిక న్యాయంగా లేదని నా అభిప్రాయం. మీరు ఫ్రిస్కోని, క్రాకోని పక్కపక్కన పెట్టారు. ఎడిసన్ స్టేషన్ నుంచి నేను రోజూ న్యూయార్క్‌కి రైల్లోనే వెళ్తాను. ఓక్ ట్రీ రోడ్డులో నడుస్తూ కరివేపాకు నుంచి పెళ్లి చీరల దాకా అన్నీ కొనుక్కోవచ్చు. అమెరికా అంటే టెక్సస్ ఒక్కటే కాదు.

రెండో మాట. మీ ఫ్లాట్ ఎంతుంది? మాకు వెనక పెరడు ఉంది, అందులో బెండ, వంగ, గోంగూర కాస్తాయి. ఆ జాగా వదులుకుని నాలుగ్గోడల మధ్యకి రావాలంటే ఊరికే ట్రామ్ ఉందంటే సరిపోదు. జీతంలో కూడా పెద్ద తేడా ఉంటుంది.

ఇది వాదించడానికి రాయడం లేదు, నిజంగా తెలుసుకోవాలనే. మా కంపెనీకి క్రాకోలో ఆఫీసు ఉంది. రెండేళ్లకి వెళ్తావా అని అడుగుతున్నారు. అక్కడికి వెళ్లొచ్చిన మా టీమువాళ్లు, జనం ముఖాల్లో నవ్వు ఉండదు, పలకరిస్తే పలకరు అని చెబుతున్నారు. మా ఆవిడకి నలుగురితో మాట్లాడకపోతే తోచదు. దాని గురించి ఎవరైనా దాపరికం లేకుండా చెప్పండి. డాక్టర్లు, అమెరికా పన్నుల సంగతి కూడా.

లక్ష్మి గుంటూరు (క్రాకో)

వెంకట్ గారూ, ముఖాల సంగతి నేను చెబుతాను. నేను ఈ ఊరొచ్చి చాలా ఏళ్లయింది. నా ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టారు.

దారినపోయే వాళ్లని చూసి నవ్వడం ఇక్కడ ఆచారం కాదు. అమెరికా నుంచి వచ్చినవాళ్లకి అది కోపంలా కనిపిస్తుంది. కానీ లిఫ్టులో ఎక్కేవాళ్లు ‘జెన్ దోబ్రి’ అంటారు, దిగేటప్పుడు ‘దో విజేన్యా’ అంటారు. డాక్టర్ దగ్గర వెయిటింగ్ హాల్లోకి అడుగుపెడితే అందరికీ కలిపి ఒక నమస్కారం పెట్టి, ఆఖరున ఎవరున్నారో అడిగి, వాళ్ల తర్వాత మన వంతు అని గుర్తు పెట్టుకోవాలి. టోకెన్ లేకపోయినా వరస తప్పదు. చిన్న కొట్లోకి వెళ్లి పలకరించకుండా ‘బ్రెడ్డు ఎంత’ అని మొదలుపెడితే మాత్రం అవతలి ముఖం ముడుచుకుంటుంది, అది అందరికీ జరిగేదే.

స్నేహం కావడానికి టైము పడుతుంది. మా పైఇంటి ఆవిడ మొదటి ఏడాది తల ఊపడం తప్ప మాట్లాడలేదు. పెద్దవాడు పుట్టినప్పుడు ఒక గిన్నె నిండా సూప్ తెచ్చి తలుపు కొట్టింది. ఇప్పుడు మా ఇంటి తాళం ఒకటి ఆవిడ దగ్గరే ఉంటుంది. మీ ఆవిడ నాలుగు పోలిష్ ముక్కలు నేర్చుకుంటే ఒంటరితనం ఉండదు. ఇంగ్లీషుతో ఆఫీసులో బతకొచ్చు, మెట్ల దగ్గర బతకలేం.

ఇంకో విషయం. ఇక్కడి పట్టింపులు చూస్తే మా నాయనమ్మ గుర్తొస్తుంది. గడపకి అటొకరూ ఇటొకరూ నిలబడి చేయి కలపకూడదు, లోపలికి వచ్చాకే. పూలు ఇస్తే బేసి సంఖ్యలోనే ఇవ్వాలి, సరి సంఖ్య చావుకి. మనం నూటపదహార్లు చదివించడం ఇక్కడివాళ్లకి చెబితే వెంటనే అర్థమవుతుంది. కానీ ఒక చోట మాత్రం మనవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. చామంతులు ఎవరింటికీ పట్టుకెళ్లకండి. ఇక్కడ అవి సమాధుల మీద పెట్టే పూలు. అక్టోబర్ ఆఖరున మార్కెట్ అంతా చామంతి కుండీలే, నవంబర్ 1న ఊరు ఊరంతా స్మశానాలకి వెళ్తుంది. ఆ రోజుల్లో అటు వెళ్లేందుకు ప్రత్యేకంగా బస్సులు, ట్రాములు వేస్తారు. రాకోవిత్స్కీ స్మశానం 1803 నాటిది. చీకటి పడ్డాక అక్కడ వేల గాజు దీపాలు వెలుగుతుంటాయి, తమవాళ్లెవరూ లేని పాత సమాధుల మీద కూడా ఎవరో ఒకరు దీపం పెట్టి పోతారు. భయం ఉండదు. పిల్లల్ని కూడా తీసుకెళ్తారు. మేం ఏటా వెళ్తాం, మా నాన్న పేరు మీద ఒకటి వెలిగిస్తాం.

వైద్యం గురించి: ఉద్యోగం చేస్తూ చందా కడితే ప్రభుత్వ ఆరోగ్య నిధి వర్తిస్తుంది, భార్యాపిల్లల్ని కూడా అందులో చేర్పించుకోవచ్చు. ఆసుపత్రి బిల్లు చూసి గుండె ఆగే పరిస్థితి లేదు. స్పెషలిస్టు కోసం మాత్రం నెలల తరబడి ఆగాలి. అందుకే చాలా కంపెనీలు ప్రైవేటు ప్యాకేజీ ఇస్తాయి, మీ ఆఫర్‌లో అది ఉందో లేదో చూసుకోండి. మందుల చీటీ కాగితం మీద ఉండదు. నాలుగంకెల కోడ్, మీ పెసెల్ నంబరు (ఇక్కడి గుర్తింపు సంఖ్య) చెబితే ఏ ఊళ్లో మందుల షాపులోనైనా ఇస్తారు.

సుధ (క్రాకో)

లక్ష్మి గారూ, చామంతుల సంగతి చెప్పి మంచి పని చేశారు, అత్తయ్యగారికి కూడా చదివి వినిపిస్తాను.

వెంకట్ గారూ, మీ అభ్యంతరం సరైనదే, ఎడిసన్ నేను చూశాను. మా ఫ్లాట్ చిన్నదే, రెండు పడకగదులు. పెరడు లేదు. జీతం తగ్గింది. అవన్నీ ఒప్పుకుంటాను. అయినా నేను ఆ పోలిక ఎందుకు తెచ్చానో మొదటి పోస్టులో రాయలేదు. అది మా అత్తయ్యగారి గురించి.

ఆవిడకి డెబ్బై దాటాయి. తెనాలిలో ఒక్కరే ఉంటారు. పొద్దున్నే గుడికి, అక్కణ్నుంచి కూరల బజారుకి, సాయంత్రం పక్కవీధిలో చెల్లెలింటికి, అంతా నడకే. డాలస్ వచ్చినప్పుడల్లా మొదటి వారం బాగానే ఉండేవారు. తర్వాత సోఫాలో కూర్చుని టీవీ చూస్తూ మేం ఎప్పుడొస్తామా అని గరాజ్ తలుపు చప్పుడు కోసం వినేవారు. ఇంటి ముందు వీధిలో మనిషి కనిపించరు. శనివారం గుడికి తీసుకెళ్తే అదే ఆ వారానికి బయటి ప్రపంచం. ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. కానీ ఆర్నెల్ల వీసా ఉన్నా మూడో నెలలోనే టికెట్ ముందుకి జరపమనేవారు. అమెరికాలో మన పెద్దవాళ్లు ఎంతమంది ఇలా రోజులు లెక్కపెట్టుకుంటున్నారో ఈ వేదికలో చాలామందికి తెలుసు.

ఈ ఏడాది మేలో ఆవిడ క్రాకో వచ్చారు. ఇక్కడ డెబ్బై దాటినవాళ్లకి ట్రామూ బస్సూ ఉచితం, పుట్టినతేదీ, ఫోటో ఉన్న కార్డు దగ్గరుంటే చాలు. మొదట నేను వెంట వెళ్లాను. తర్వాత ఒకరోజు నేను మీటింగులో ఉండగా ఆవిడే వెళ్లొచ్చారు, స్తారి క్లెపాష్ మార్కెట్‌కి. పాత ఊరి గోడలు ఉన్నచోట ఇప్పుడు ప్లాంతి అనే తోట ఉంది కదా, దానికి దగ్గరే ఆ మార్కెట్. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు బీట్‌రూట్, సోయికూర, ముల్లంగి, పొగబెట్టిన జున్ను పెట్టుకుని కూర్చుంటారు. భాష ఒక్క ముక్క రాదు. వేళ్లు చూపించి, సంచీ తెరిచి బేరం చేసుకుని వచ్చారు.

ఆ సంచీలో ఒక కట్ట ఆకుకూర ఉంది. ‘ఇదిగో చుక్కకూర, మీ ఊళ్లో దొరకదన్నావు’ అన్నారు. ఇక్కడివాళ్లు దాన్ని ష్చావ్ అంటారు, గుడ్డు, మీగడ వేసి పుల్లటి సూప్ చేసుకుంటారు. మన చుక్కకూరకి దగ్గరి చుట్టమే, ఒకే జాతి మొక్కలు. ఆ రోజు కందిపప్పులో వేసి పెట్టారు. పులుపు అచ్చంగా అదే. ఆ తర్వాత ఎక్కడ ఏది దొరుకుతుందో నాకు ఆవిడే చెప్పడం మొదలైంది. గసగసాలు కిలోల లెక్కన అమ్ముతారని, మజ్జిగ సీసాల్లో దొరుకుతుందని, ఫలానా ఆవిడ దగ్గర దోసకాయలు లేతగా ఉంటాయని.

ట్రామ్ ఎక్కితే ఎవరో ఒకరు లేచి సీటిస్తారు. ప్లాంతిలో బెంచీ మీద ఒక ముసలావిడతో రోజూ కూర్చునేవారు. ఈవిడ తెలుగు, ఆవిడ పోలిష్. మనవల ఫోటోలు చూపించుకునేవారు. మూడు నెలలూ ఉన్నారు. వెళ్లేముందు టికెట్ ముందుకి జరపమని అడగలేదు.

నా లెక్కలో పెరడూ, జీతమూ ఒక పక్క, ఇది ఒక పక్క. మీ లెక్క వేరే ఉండొచ్చు. కానీ క్రాకో రావాలా వద్దా అని ఆలోచించేటప్పుడు ఈ గడి కూడా కాగితం మీద ఉండాలని నా కోరిక.

పద్మజ (హైదరాబాద్)

సుధా, మీ అత్తగారి గురించి చదివి మా అమ్మకి ఫోన్ చేశాను.

మా అబ్బాయి అక్టోబర్‌లో క్రాకో వస్తున్నాడు, చదువుకి. చిన్నప్పటి నుంచి వాడికి ఉబ్బసం ఉంది. అక్కడ చలికాలంలో గాలి బాగోదని విన్నాను. అలాగే రాత్రిపూట బయట తిరగడం, మనవాళ్లతో ఎలా ఉంటారు అన్నది కూడా ఎవరైనా చెప్పండి.

లక్ష్మి గుంటూరు (క్రాకో)

పద్మజ గారూ, గాలి గురించి విన్నది నిజమే. ఊరు విస్తులా నది లోయలో పల్లంలో ఉంది, చలికాలంలో గాలి కదలదు, పొగ అక్కడే నిలిచిపోతుంది. నేను వచ్చిన కొత్తలో జనవరి సాయంత్రం బయటికి వెళ్లొస్తే శాలువా బొగ్గు వాసన వేసేది. చాలా ఇళ్లలో బొగ్గు పొయ్యిలే. ఊళ్లోవాళ్లు గొడవ చేశారు, ఊరేగింపులు తీశారు. చివరికి 2019 సెప్టెంబర్ 1 నుంచి ఊళ్లో బొగ్గు, కట్టెలు కాల్చడం పూర్తిగా నిషేధించారు. పోలండ్‌లో అలా చేసిన మొదటి ఊరు ఇదే. పొయ్యిలు మార్చుకోవడానికి నగరపాలక సంస్థ డబ్బు ఇచ్చింది. తేడా కళ్లకి కనిపిస్తోంది. కానీ చుట్టుపక్కల చాలా ఊళ్లకి ఆ నిషేధం లేదు, గాలి లేని రోజున వాళ్ల పొగ ఇక్కడికే వస్తుంది.

మీ అబ్బాయి ఫోన్‌లో గాలి నాణ్యత చూపే యాప్ పెట్టుకోవాలి, బాగోలేని రోజున కిటికీలు మూసి ఉంచాలి, మంచి మాస్కు దగ్గర పెట్టుకోవాలి. ఇన్‌హేలర్లు కొన్నాళ్లకి సరిపడా, డాక్టర్ రాసిన చీటీతో సహా తెచ్చుకోమనండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా జాగ్రత్త అవసరం. గదికి మాత్రం ఊరి ఉమ్మడి వేడినీటి గొట్టాలు ఉన్న బిల్డింగే చూసుకోమనండి. వెంగ్ అనే పేటలో ఉన్న పెద్ద విద్యుత్ కేంద్రం నుంచి ఊళ్లో చాలా భాగానికి ఆ వేడి వస్తుంది, ఇంట్లో పొగ గొడవ ఉండదు.

రాత్రిళ్ల గురించి: పాత ఊళ్లో తాగినవాళ్ల అల్లరి ఉండేది. 2023 జూలై నుంచి అర్ధరాత్రి మొదలు ఉదయం 5:30 దాకా దుకాణాల్లో మద్యం అమ్మకూడదు. కాస్త నెమ్మదించింది.

నరేష్_కరీంనగర్ (వ్రోత్స్వావ్)

పద్మజ ఆంటీ, రెండో ప్రశ్నకు నేను చెప్తా, దాచకుండ. ఎక్కువ మంది మంచోళ్లే. ఒకసారి రాత్రి ట్రామ్‌ల తాగినాయన నన్ను చూసి మీ దేశం పొమ్మని అరిసిండు. నేను మాట్లాడలేదు. ఎదురుగ కూసున్న ఒక పెద్దావిడ లేచి ఆయనను గట్టిగ మందలించి, నా పక్కకొచ్చి కూసుంది. నేను దిగేదాక అట్లనే ఉంది. రెండూ జరిగినయ్, రెండూ చెప్పాలె.

తమ్మునికి చెప్పున్రి, అర్ధరాత్రి ఒక్కడే తిరగకుండ దోస్తులతోని ఉండాలె, ఏమన్న అయితే 112 కొట్టాలె, ఇంగ్లీష్‌ల మాట్లాడొచ్చు. ఎప్పుడన్న వ్రోత్స్వావ్ వస్తే నాకు మెసేజ్ పెట్టుమనున్రి, రైల్వే స్టేషన్‌కు వచ్చి తీసుకపోత.

వార్సా మురళి

పన్నుల గురించి వెంకట్ గారు అడిగారు, ఎవరూ ముట్టుకోలేదు. నేను కూడా అమెరికా పౌరుడినే, వార్సాలో ఉద్యోగం.

ఏ దేశంలో ఉన్నా అమెరికా పౌరులు అమెరికాలో రిటర్ను వేయాల్సిందే. ఏడాదిలో 183 రోజులు దాటి ఇక్కడుంటే పోలండ్‌లో కూడా, ఏప్రిల్ 30లోపు. రెండుచోట్లా ఫైల్ చేసినంత మాత్రాన అదే ఆదాయం మీద రెండుసార్లు కట్టాలని కాదు, ఇక్కడ కట్టినదానికి అక్కడ మినహాయింపులు ఉంటాయి. మర్చిపోకూడనిది ఇంకొకటి: విదేశీ బ్యాంకు ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే ఫారం విడిగా నింపాలి. పోలండ్ ఖాతాతో పాటు హైదరాబాద్‌లో ఉన్న డిపాజిట్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. మనవాళ్లు చాలామంది అక్కడే పొరపడుతున్నారు. సోషల్ సెక్యూరిటీకి రెండు దేశాల మధ్య ఒప్పందం 2009 నుంచి అమల్లో ఉంది. కంపెనీ మిమ్మల్ని తాత్కాలికంగా పంపుతుందా, ఇక్కడి ఉద్యోగిగా తీసుకుంటుందా అన్నదాన్ని బట్టి చందా ఎక్కడ కట్టాలో తేలుతుంది. సంతకం పెట్టక ముందే అడగండి.

వచ్చిన వెంటనే చేయాల్సింది చిరునామా నమోదు. దాంతో పాటే పదకొండు అంకెల పెసెల్ వస్తుంది, మొదటి ఆరు అంకెలు మీ పుట్టినతేదీవే. ఫోన్, బ్యాంకు, బడి, డాక్టర్ అన్నిటికీ అదే అడుగుతారు. ఇంటి యజమాని అద్దె ఒప్పందం కాగితం మీద రాసివ్వడానికి వెనకాడితే ఆ ఇల్లు వదిలేయండి.

లక్ష్మి గుంటూరు (క్రాకో)

వెంకట్ గారూ, వస్తే ఒక ఆదివారం నోవా హుతా వెళ్లి చూడండి, కొట్లు మూసే ఉంటాయి కాబట్టి ఎలాగూ తీరిక. 1949లో ఉక్కు కార్ఖానా కార్మికుల కోసం పొలాల మధ్య కట్టిన పట్నం, మన విశాఖ ఉక్కునగరం చూసినవాళ్లకి ఆ వెడల్పాటి రోడ్లు, చెట్ల వరసలు పరిచయంగా అనిపిస్తాయి. ఒకప్పుడు అక్కడ పెద్ద లెనిన్ విగ్రహం ఉండేది, 1989లో తీసేశారు. ఇప్పుడు ఆ సెంట్రల్ స్క్వేర్‌కి మీ రోనాల్డ్ రీగన్ పేరుంది. అక్కడి పెద్దవాళ్లు కార్ఖానా గురించి ఇప్పటికీ గర్వంగా మాట్లాడతారు.

ఎడిసన్ వెంకట్ (న్యూజెర్సీ)

అందరికీ ధన్యవాదాలు. మురళి గారు చెప్పిన చందా సంగతి ఇవాళే హెచ్‌ఆర్‌ని అడిగాను.

సుధ గారూ, మీ రెండో పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. మా నాన్నకి 76. అమ్మ పోయాక ఏడాదికోసారి మా దగ్గరికి వస్తున్నారు. నేను రైలెక్కి ఆఫీసుకి వెళ్తాను, ఆయన ఇంట్లోనే. స్టేషన్‌కి కూడా కారులోనే దింపాలి. ఓక్ ట్రీ రోడ్డు మాకు దూరమేమీ కాదు, కానీ ఒక్కరే నడిచి వెళ్లే దూరం కాదు. ఆయన రాజమండ్రిలో రోజూ గోదావరి గట్టుకి నడిచే మనిషి.

మేం వస్తే ఆయన్ని కూడా తీసుకురావాలని ఉంది. వీసా, తిండి, ఇల్లు, ఈ మూడింటికీ ఏం చూసుకోవాలో చెప్పండి. ఆయన శాకాహారి, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి.

సుధ (క్రాకో)

వెంకట్ గారూ, తప్పకుండా.

వీసా: ఇండియన్ పాస్‌పోర్టు అయితే షెంగెన్ విజిటర్ వీసా. 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండకూడదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. ఆ కనీసంతో ఆగకండి. డెబ్బై దాటినవాళ్లకి ముందే ఉన్న జబ్బులు ఆ పాలసీలో వర్తిస్తాయా లేదా చదివి తీసుకోండి. చలికాలం వద్దు, ఫుట్‌పాత్‌ల మీద మంచు గట్టిపడి జారుతుంది. మేలో రప్పించండి.

తిండి: ఇంట్లో ఇబ్బంది లేదు, పప్పులు, బియ్యం ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి. బయట తినాలంటే బార్ మ్లెచ్ని అనే పాత క్యాంటీన్లు ఉన్నాయి. పాలు, పిండి, కూరగాయలతో చేసే వంటలకి ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది, అందుకే చవక. ఆలుగడ్డ, పనీరు లాంటి జున్ను కూరిన పియెరోగి (ఉడికించిన కజ్జికాయల్లాంటివి) అత్తయ్యగారికి బాగా నచ్చాయి. కానీ వాటి మీద కొన్నిచోట్ల వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లుతారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ‘బెస్ స్క్వారెక్’ (ఆ ముక్కలు లేకుండా) అని చెప్పాలి. నాన్నగారికి ఆ రెండు మాటలు కాగితం మీద రాసి జేబులో పెట్టండి. సూప్‌లు చాలావరకు మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు, అడక్కుండా తాగవద్దు.

ఇల్లు: మీరు ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. పాత బ్లాకుల్లో నేల మీద ఒకటీ, పైన నాలుగూ అంతస్తులుంటే చాలావరకు లిఫ్టు ఉండదు. ఊరి మధ్యలోని పాత మేడలు అందంగా ఉంటాయి, వాటిలోనూ అంతే. ప్రకటనలో ‘మూడో ఫ్లోర్’ అని ఉంటే అది మీ న్యూజెర్సీ లెక్కలో నాలుగోది. ఆఫీసుకి ఎంత దూరమో తర్వాత చూసుకోండి, ముందు లిఫ్టు ఉందా, లిఫ్టు దాకా కూడా అరడజను మెట్లున్నాయా అని ఏజెంటుని అడిగి ఫోటో పంపమనండి. ట్రామ్ స్టాప్‌కి వెళ్లే దారిలో మెట్ల వంతెన లేకుండా చూసుకోండి. అన్ని ట్రాములూ నేలబారుగా ఉండవు, పాతవాటికి ఎత్తు మెట్లుంటాయి. టైం టేబుల్లో చక్రాల కుర్చీ బొమ్మ ఉన్నవి ఆయనకి సులువు.

ఇళ్లు చూడటం మొదలుపెట్టాక లింకులు ఇక్కడే పెట్టండి. బ్రోనోవిత్సే వైపు అయితే నేను వెళ్లి మెట్లు లెక్కపెట్టి చెబుతాను.

లక్ష్మి గుంటూరు (క్రాకో)

పోద్‌గూజె పేట వైపు అయితే నేను చూసొస్తాను, మాకు నడక దూరం.